నలుగురికి ఒక గిన్నె

రెండువేల పన్నెండు, మార్చి నెల, మూడో శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు. వర్జీనియాలో ఒక నది ఒడ్డున కట్టేసిన చెక్క ఓడ మీద నా మనవరాలు ఒక్కతే నిలబడి ఉంది. మిగతా ఇరవై మంది పిల్లలూ నలుగురేసి చొప్పున గుంపులు కట్టేశారు. ఇరవై ఒకటిని నాలుగుతో భాగిస్తే ఒకటి మిగులుతుందని నాలుగో తరగతి టీచరమ్మకి తెలియదా అంటే, తెలుసు. ఆ మిగిలేది ఎవరో కూడా ఆవిడకి తెలుసనే నా అనుమానం.

అది ఎందుకు మిగిలిందో ముందు చెప్పాలి.

అంతకుముందు మేం ఫ్రిస్కోలో ఉండేవాళ్ళం. మనవరాలికి అక్కడ బడి, వీధి, పక్కింటి పిల్లలు, అన్నీ అమరి ఉన్నాయి. అమరి ఉన్నది చూస్తే మా అల్లుడికి తోచదు. క్రిస్మస్ సెలవుల్లో కొత్త ప్రాజెక్టు అని వర్జీనియాకి మార్చేశాడు. "గుడ్ మూవ్ అత్తయ్యగారూ" అన్నాడు. సోఫా లారీలో వచ్చింది, డైనింగ్ టేబుల్ లారీలో వచ్చింది. స్నేహితులు లారీలో రారని ఆ గుడ్ మూవ్‌లో ఎవరూ లెక్క వేసుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. దానికి చిక్కుడుకాయలంటే పడదు. ఏదో ఉందనుకున్నాను.

"అమ్మమ్మా, లంచ్‌లో నేను ఎలోన్ కూర్చుంటున్నా. రోజూ. అమ్మకి చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదే?"

"అమ్మ ఈమెయిల్ చేస్తుంది టీచర్‌కి. టీచర్ అందరికీ చెప్తుంది, బీ నైస్ టు హర్ అని. దెన్ ఇట్స్ ఓవర్."

మా అమ్మాయి ఈమెయిల్ చేస్తుందన్నది నిజం. పాలు విరిగినా ఈమెయిల్ చేసే మనిషి.

"మరి ఏం చేద్దామంటావు?"

"ఫీల్డ్ ట్రిప్ ఉంది. షిప్‌కి. అక్కడ నలుగురికి ఒకటే గిన్నె. ఎవరు ఎవరితో తినాలో మేమే పిక్ చేసుకోవాలి. ఐ జస్ట్ నీడ్ త్రీ పీపుల్, అమ్మమ్మా. దొరికితే తర్వాత లంచ్‌లో కూడా వాళ్ళతోనే కూర్చుంటా. లేకపోతే ఈ ఇయర్ అంతా ఇంతే."

ముగ్గురు మనుషులు. ఈ దేశంలో ముప్ఫై కోట్ల మంది ఉన్నారట. అందులో ముగ్గురు కావాలి మా పిల్లకి.

ఆ ఓడ సంగతేమిటంటే, బళ్ళో రెండు వారాలుగా వాళ్ళకి ఒకే పాఠం. పదహారు వందల చిల్లర సంవత్సరాల్లో ఇంగ్లండు ఓడల్లో పనిచేసిన మామూలు నావికుడి బతుకు. కెప్టెన్ కాదు, దొర కాదు. తాళ్ళు లాగేవాడు, మా బందరులో కళాసీ అంటామే, వాడు. మనవరాలు రోజూ చదివి నాకు చెప్పేది. వాడు తడిబట్టలతోనే చెక్కల మీద పడుకునేవాడట. బిస్కెట్టు తినేముందు బల్లకేసి కొట్టేవాడట, పురుగులు రాలడానికి. ఉప్పులో ఊరేసిన మాంసం, పాచిపట్టిన నీళ్ళు. కూరలూ పళ్ళూ లేక చిగుళ్ళు వాచి పళ్ళు రాలేవట, దానికి స్కర్వీ అని పేరు. ఆలస్యంగా లేస్తే తాడుతో వీపు మీద. జీతమేమో ఓడ తిరిగొస్తేనే.

"ఇంతకీ వాడేం నేరం చేశాడే?" అన్నాను.

"నథింగ్ అమ్మమ్మా. ఇట్ వజ్ హిజ్ జాబ్."

వాడికి సంతకం రాదట, పేరుకి బదులు ఏదో గుర్తు గీసేవాడట. "సో సాడ్" అంది. నేను యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని. అంతకుముందంతా వేలిముద్రే. వేలిముద్ర రోజుల్లో నాకు సాడ్ ఏమీ లేదు. పేపరు చదవడం వచ్చాకే మొదలైంది సాడ్ అంతా.

ఇన్నేళ్ళుగా ఇక్కడ నేనొకటి చూశాను. ఈ దేశంలో చాలామందికి అన్నీ ఉన్నాయి. అందుకని అప్పుడప్పుడు డబ్బు కట్టి మరీ ఏమీ లేనట్టు ఉండి వస్తారు. ఇల్లు పెట్టుకుని గుడారంలో పడుకుంటారు. గ్యాసు పొయ్యి పెట్టుకుని పుల్లలు ఏరుకుంటారు. ఎప్పుడో పస్తులున్న కళాసీ బతుకు చూడ్డానికి పిల్లల్ని ఏసీ బస్సులో తీసుకెళ్తారు. ఆ కళాసీయే లేచి వచ్చి చూస్తే ఏమంటాడో. బహుశా బస్సులోనే ఉండిపోతానంటాడు.

పిల్లలతో పాటు పెద్దవాళ్ళు ఎవరైనా వాలంటీర్లుగా రావచ్చని బడివాళ్ళు అడిగారు. మా అమ్మాయికి మీటింగు. అల్లుడికి కూడా మీటింగే. ఈ ఇంట్లో మీటింగు లేనిదాన్ని నేనొక్కదాన్నే. "అమ్మా, నువ్వెళ్ళు, దానికి తోడుగా ఉంటావు" అంది అమ్మాయి. తోడు లేకుండా వెళ్ళి తోడు తెచ్చుకోవాలన్నది పిల్ల ఆలోచన అని నేను చెప్పలేను కదా, ఒట్టు పెట్టించుకుంది.

మనవరాలు షరతులు పెట్టింది. బస్సులో దాని పక్కన కూర్చోకూడదు. అక్కడ జడ సర్దకూడదు. ముఖ్యంగా మాట్లాడకూడదు.

"అసలేమీనా?"

"హాయ్ అనొచ్చు."

హాయ్ అనడానికి అనుమతి పుచ్చుకుని నేను బిస్కెట్ల పనిలో పడ్డాను. ప్రతి పిల్లా ఇంటి నుంచి నావికుడి బిస్కెట్లు చేసుకుని రావాలి. పిండి, నీళ్ళు, ఉప్పు, అంతే. రాయిలా అయ్యేదాకా కాల్చాలి. నా జన్మలో రుచి రాకూడదని చేసిన వంట అదొక్కటే. రెండో పళ్ళెంలో నెయ్యి పోసి, వాము, కారం వేసి చేశాను. "ఇవి పెడితే ముగ్గురేం ఖర్మ, ముప్ఫై మంది వస్తారే" అన్నాను. అది రెండు పళ్ళాలూ చూసి రాళ్ళే మూట కట్టుకుంది. "అమ్మమ్మా, ప్లీజ్. అందరివీ ప్లెయిన్‌గా ఉంటాయి." సరే, కారంవి నా సంచీలో వేసుకున్నాను. పెద్దవాళ్ళ రుచి గురించి టీచరమ్మ ఏమీ రాయలేదు కదా.

ఓడ మీదకి మమ్మల్ని ఎక్కించుకున్నది ఎర్రగడ్డం మనిషి. మోకాళ్ళ దాకా వదులు లాగు, ఉన్ని టోపీ, మొహాన కొంచెం మసి. అది రోజూ పొద్దున్నే పూసుకుంటాడనుకుంటా. పార్కింగులో వాడి కారు ఉండే ఉంటుంది. కానీ ఓడ మీద ఉన్నంతసేపూ వాడు ఆ కాలపు నావికుడే, పొరపాటున కూడా ఈ కాలంలోకి రాడు. ఒక అబ్బాయి "బాత్రూమ్ ఎక్కడ?" అంటే ఓడ ముక్కు వైపు చూపించి, "అక్కడ, గాలి ఎటు వీస్తోందో చూసుకుని" అన్నాడు. నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది, నోటికే రాదు. ఇన్నేళ్ళు టీవీ చూస్తే గోడకైనా అర్థమవుతుంది.

వాడి కన్ను నా చీర మీద పడింది. "ఈ అమ్మ ఏ రేవు నుంచి?"

నేను నోరు విప్పలేదు. షరతు. మనవరాలు నేల చూపులు చూస్తూ "ఇండియా" అంది.

"ఇండీస్! మా అన్న వెళ్ళాడు. మసూలిపటం రేవుకి. అద్దకం బట్టలు తెచ్చాడు."

మసూలిపటం అంటే మా బందరే. దొరలు అలా పిలిచేవారని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంక నేను ఆగలేదు. "అడగవే, ఎలా ఉందట మా ఊరు?"

"అమ్మమ్మా..."

"అడగవే."

అది గొణిగింది. ఎర్రగడ్డం గట్టిగా నవ్వి, "పొయ్యిలో కూర్చున్నట్టుందట. దిగిన రోజు నుంచీ నెల రోజులు కడుపు నొప్పి, విరేచనాలు!" అన్నాడు. పిల్లలంతా విరగబడి నవ్వారు. ఆ వయసు పిల్లలకి అంతకంటే మంచి మాట దొరకదు.

"మా నీళ్ళు పడకపోతే ఇంట్లో కూర్చోవలసింది, ఎవరు రమ్మన్నారట వాళ్ళ అన్నని? అని చెప్పు."

"అమ్మమ్మా, నో."

దాని చెవులు ఎర్రబడ్డాయి. హాయ్ అనమని తీసుకొస్తే నేను చేసిన నిర్వాకం అది. అప్పటినుంచీ పిల్లలు దాన్ని చూసి పొట్ట పట్టుకుని మూలగడం మొదలెట్టారు. ముగ్గురు కావాలన్న పిల్లకి నావల్ల ఇరవై మందీ దూరమయ్యారు.

ఆ తర్వాతే పదకొండు గంటలకి గుంపులు కట్టమన్నాడు. గుంపుకి ఒక చెక్క తొట్టి, అందులో బఠాణీ జావ, ఒక చిన్న ఛీజు ముక్కల పళ్ళెం. పిల్లలు పరిగెత్తారు, ఒకళ్ళ చొక్కాలు ఒకళ్ళు లాక్కున్నారు, సర్దుకున్నారు. నా మనవరాలు బిస్కెట్ల మూట రెండు చేతులతో పట్టుకుని కొయ్యలా నిలబడిపోయింది.

టీచరమ్మ చూసింది. "ఫ్రెండ్స్!" అంది ఆవిడ, నోటి నిండా నవ్వుతో. "మన కొత్త ఫ్రెండ్‌ని ఎవరు దయగా కలుపుకుంటారు?" దయ అన్నాక ఎవరు కదులుతారు? ఇరవై మందీ ఒక్కసారిగా బూట్లు చూసుకున్నారు. అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి, చాలాసేపు చూశారు.

ఎర్రగడ్డం ఒప్పుకోలేదు. "నలుగురంటే నలుగురే, ఓడ కట్టడి అది. మిగిలినవాళ్ళతో ఇంకో గుంపు కడతాం. ఇదిగో ఈ పిల్ల, ఆ ఇద్దరు పెద్దమనుషులు" అని వాలంటీర్లుగా వచ్చిన ఇద్దరు తండ్రుల్ని చూపించి, నా వైపు తిరిగి, "నాలుగో మనిషి ఇండీస్ అమ్మ" అన్నాడు.

మనవరాలు నన్ను చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. అమ్మమ్మతో, ఇద్దరు నాన్నలతో కలిసి ఒక గిన్నెలో తిన్న పిల్ల ఇంక ఆ బళ్ళో ఎవరి పక్కన కూర్చోగలదు?

"ఈవేళ శుక్రవారం. నాకు ఒక్కపొద్దు. తినను" అన్నాను గట్టిగా, తెలుగులోనే.

అది తెల్లబోయి నన్నే చూస్తూ వాడికి చెప్పింది. నేను ఏ శుక్రవారమూ తిండి మానలేదని దానికంటే బాగా ఎవరికి తెలుసు? ఎర్రగడ్డం మాత్రం చాలా మర్యాదగా టోపీ తీశాడు. వాళ్ళ ఓడల్లోనూ శుక్రవారం మాంసం ముట్టరట, భక్తులంటే వాడికి గౌరవమట. నాకింత సులువుగా భక్తురాలినన్న పేరు వస్తుందని ముందే తెలిస్తే ఎప్పుడో తిండి మానేసేదాన్ని. ముగ్గురితో గుంపు కాదు కాబట్టి తండ్రులిద్దరూ కూడా బతుకుజీవుడా అని పక్కకి జరిగి ఫోన్లు తీశారు. పిల్ల మళ్ళీ ఒంటరిదే. నేను చేసిన సాయం అంతవరకే.

ఇంతలో ఒక గుంపులో గొడవ. ఛీజు ముక్కల్లో ఒకటి పెద్దది, అది నాదంటే నాదని. ఎర్రగడ్డం ఆ రోజంతా దీనికోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు. ఓడల్లో వంతులు ఎలా తేలుస్తారో చూపిస్తానన్నాడు. ఒకడు వీపు తిప్పి నిలబడాలి. ఇంకొకడు ముక్క మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అని అడగాలి. వీపు తిప్పినవాడు చూడకుండా ఒక పేరు చెప్పాలి. ఆ పేరు గలవాడికి ఆ ముక్క, పెద్దదైనా చిన్నదైనా. మా ఊళ్ళో నలుగురూ కలిసి మేకని కోయించుకుంటే పోగులు వేసి ఇలాగే పంచుకునేవాళ్ళు. తగువులాడుకునేవాళ్ళు ఎక్కడైనా ఒక్కలాగే ఉంటారు కాబట్టి అందులో వింత లేదు.

అయితే ఆ పిల్లలు వీపు తిప్పినా ఊరుకోలేదు. "వాడు దొంగచూపు చూశాడు!" "వాడి ఫ్రెండ్‌కే పెద్దది చెప్తాడు!" అన్ని గుంపుల్లోనూ అదే గోల. ఎర్రగడ్డం చుట్టూ చూశాడు. ఏ గుంపుకీ చెందని మనిషి ఒక్కతే ఉంది.

"నువ్వు రా" అన్నాడు.

మా పిల్ల గుంపులన్నిటినీ ఒక్కసారి కలయజూసి, వెళ్ళి నది వైపు తిరిగి నిలబడింది. వాడు మొదటి తొట్టి దగ్గర ముక్క మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరికి?" అది ఒక పేరు చెప్పింది. "ఇది?" ఇంకో పేరు. వాడు రెండో తొట్టికి, మూడో తొట్టికి వెళ్ళాడు. అది ఎక్కడా తడుముకోలేదు. పేరు తర్వాత పేరు, నది మీదకి చూస్తూ. ఒకడు "దానికి నా పేరెలా తెలుసు?" అన్నాడు. తెలియక? ఒంటరిగా కూర్చుని తినేవాళ్ళకి చెవులు ఖాళీగా ఉంటాయి. రెండు నెలలుగా వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటుంటే విన్నది. దాన్ని పిలవడం మాత్రం వినలేదు.

ఆఖరి తొట్టి దగ్గర పళ్ళకి క్లిప్పులున్న ఒక అమ్మాయి ఉంది. పొద్దున్నుంచీ ఆ పిల్ల అన్నిటికీ అడ్డం తిరుగుతోంది. ఓడ ఇంత చిన్నదేమిటంది, తాడు ప్లాస్టిక్‌ది కదా అంది. నాకు మొదటి నుంచీ నచ్చింది. దాని వంతు ముక్క చేతికి రాగానే, "మరి ఆమెకి ఏది?" అంది.

"పేర్లు పిలిచేవాళ్ళకి వంతు లేదు. నలుగురికే" అన్నాడు ఎర్రగడ్డం.

"అది అన్యాయం."

"అది ఓడ."

"ఓడల్లో మనుషులు చచ్చిపోతారు కదా? హోంవర్క్‌లో ఉంది. చచ్చిపోతే ఆ గుంపులో ఎంతమంది?"

"ముగ్గురు."

"అప్పుడు కొత్తవాళ్ళని కలుపుకోవచ్చా?"

వాడు గడ్డం గోక్కున్నాడు. "కలుపుకోవాలి."

ఆ పిల్ల వెంటనే తన పక్కనున్న మొహం మీద మచ్చల అబ్బాయిని చూపించింది. "వీడు పోయాడు. స్కర్వీ."

ఆ అబ్బాయికి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. బఠాణీ జావ తప్పిందన్న సంతోషంతో గొంతు పట్టుకుని, గిరగిరా తిరిగి, నేను కూర్చున్న బల్ల పక్కనే దబ్బున పడ్డాడు. టీచరమ్మ "చావుల గురించి వద్దనుకుంటా..." అంటుండగానే ఎర్రగడ్డం టోపీ తీసి రెండు ముక్కలు ప్రార్థన చేశాడు. చచ్చినవాడి సామాను తెరచాప కొయ్య దగ్గర వేలం వేయడం ఆచారమట, వాడి బూట్లు ఊడదీసి వేలం కూడా వేశాడు.

క్లిప్పుల పిల్ల మా పిల్లని అడిగింది. దయగా కాదు, విసుగ్గా. "వస్తావా, రావా? చోటు ఖాళీ."

ఖాళీలు ఇలాగే వస్తాయి. అల్లుడి వర్జీనియా ప్రాజెక్టు కూడా ఎవడో మానేస్తేనే వచ్చింది. ఆ మానేసినవాడి బూట్లు ఎవరు కొన్నారో తెలియదు.

మనవరాలు వెళ్ళి కూర్చుంది. నావైపు చూడలేదు. రాళ్ళ మూట విప్పింది, అందరూ బల్లకేసి కొట్టి చూశారు. దానిదే అన్నిటికంటే గట్టిదని తేలింది. అందుకు నాకు గర్వంగా ఉందంటే నమ్మండి.

నా పక్కన శవానికి ఆకలేసింది. ఒక కన్ను తెరిచి నా సంచీ చూసింది. పిల్లవాడు ఆకలితో చూస్తుంటే మా వైపు ఆడవాళ్ళకి చెయ్యి ఆగదు. ఒక కారం బిస్కెట్టు నోట్లో పెట్టాను. మరుక్షణం చచ్చినవాడు లేచి కూర్చుని, కళ్ళ నీళ్ళతో దగ్గుతూ "వాటర్!" అని అరిచాడు. టీచరమ్మ ఉరికి వచ్చింది. ఎలర్జీలట, ఎవరి పిల్లలకీ ఏమీ పెట్టకూడదట, కాగితం మీద సంతకం పెట్టానట. పెట్టాను. సంతకం వచ్చుకదా అని పెట్టాను, అంత సన్న అక్షరాలు ఎవరు చదువుతారు? "ఇందులో ఏముంది మేడమ్? నట్స్ ఉన్నాయా?" అందావిడ.

నేను సంచీ మూతి మూసి గట్టిగా పట్టుకున్నాను. మనవరాలు కూర్చున్న చోటు నుంచి లేచి వచ్చింది. "గోధుమపిండి, నెయ్యి, వాము, కారం. నో నట్స్" అని చెప్పింది. చెప్తోందే గానీ దాని కన్ను వెనక్కే ఉంది. మచ్చల అబ్బాయి లేచి కూర్చున్నాడు కదా. చచ్చినవాడు బతికితే చోటు ఎవరిది? ఆ ప్రశ్న నాకూ వచ్చింది. నెయ్యి పోసి మరీ తెచ్చుకున్న ప్రశ్న.

నీళ్ళు తాగి వాడు కూడా అదే అడిగాడు. "నేను బతికాను. నా చోటు?"

"నువ్వు చచ్చావు. పడుకో" అంది క్లిప్పుల పిల్ల అక్కడి నుంచే. తర్వాత మా పిల్లని పేరు పెట్టి పిలిచింది. "త్వరగా రా. నీ జావ చల్లారిపోతోంది."

వాడు పడుకున్నాడు. ఇంకో బిస్కెట్టు కావాలని సైగ చేశాడు గానీ, నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని భక్తురాలిలా కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కుతూ మనవరాలు నా సీటు దగ్గర ఆగింది. "అమ్మమ్మా, ఆకలి వేస్తోందా?"

"శుక్రవారం కదే."

"నువ్వు ఫ్రైడే ఫాస్ట్ చేయవు కదా."

"ఈ ఒక్క శుక్రవారం."

అది ఒక్క నిమిషం నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. వెనక నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళిపోయింది. ఇద్దరు పట్టే సీటులో ముగ్గురు ఇరుక్కుని కూర్చుని దారంతా పొట్ట పట్టుకుని మూలుగుతూ బందరు విరేచనాల ఆట ఆడారు. మా పిల్లే అందరికంటే బాగా మూలిగింది. మా ఊరి పరువు పోతే పోయింది. బస్సులో ఏమీ తినకూడదని రాసి ఉంది. ఈసారి చదివాను కాబట్టి ఇంటిదాకా కడుపు మాడ్చుకున్నాను.

సోమవారం సాయంత్రం "లంచి ఎలా అయిందే?" అని అడిగాను. "ఫైన్" అని చెప్పి పైకి పరిగెత్తింది. అమ్మమ్మకి చెప్పనక్కర్లేని సంగతులు దానికీ మొదలయ్యాయి. మా అమ్మాయి మాత్రం, "చూశావా అమ్మా, నువ్వు తోడు వెళ్ళబట్టే దానికి ధైర్యం వచ్చింది" అంది. అవునే అన్నాను.

ఆ రోజు ఆ ఓడ దగ్గర ఉన్నవాళ్ళం వీళ్ళం: నేను, నా మనవరాలు, పళ్ళకి క్లిప్పుల పిల్ల, దాని గుంపులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు, స్కర్వీతో పోయిన మచ్చల అబ్బాయి, తక్కిన నాలుగు గుంపుల్లోని పదహారు మంది పిల్లలు, టీచరమ్మ, ఫోన్లు చూసుకున్న తండ్రులిద్దరు, ఎర్రగడ్డం నావికుడు, జావ కాచి తొట్టెల్లో పోసిన ఆవిడ, ఓడ ఎక్కనని ఒడ్డునే కుర్చీ వేసుకుని శాండ్‌విచ్ తిన్న బస్సు డ్రైవరు.